రెండో ఓడను పిలిచిన మనిషి

షిప్పింగ్ ఏజెన్సీలో పనిచేశానని చెబితే, ఓడలో ఏయే దేశాలు తిరిగారు మేడమ్ అని అడుగుతారు. నేను ఓడ ఎక్కింది ఒక్కసారి. అదీ రేవులో కట్టేసి ఉన్న ఓడ. కెప్టెన్ సంతకం కోసం నిచ్చెన ఎక్కి, వాళ్లిచ్చిన టీ తాగి, దిగి వచ్చేశాను. మిగతా ఉద్యోగమంతా నెల్లూరులో ఒక మేడ మీది గదిలో, చెవికి ఫోను ఆనించుకుని గడిచిపోయింది.

ఓడల కంపెనీని మా వాళ్లం లైను అంటాం. లైను ప్రతి ఊళ్లోనూ సొంత ఆఫీసు పెట్టుకోదు, ఒక ఏజెంటును పెట్టుకుంటుంది. అలాంటి ఒక ఏజెంటు దగ్గర బుకింగులు చూసే మనిషిని నేను. సరుకు ఉందని ఎగుమతిదారు ఫోన్ చేస్తే ఓడలో చోటు ఇప్పించడం, ఖాళీ కంటైనర్ పంపడం, అది నిండి రేవు చేరేదాకా వెంటపడడం, ఓడ ఆలస్యమైతే తిట్లు తినడం. ఇదీ ఉద్యోగం. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కంప్యూటరు మీద చాలా తొందరగా ఇవన్నీ కానిచ్చేస్తున్నారు. తిట్లు మాత్రం ఇప్పటికీ మనుషులే తినాలి. ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. నాకొచ్చిన ప్రమోషన్లతో వాళ్లకేం పని? ఒక మనిషి గురించి చెబితే పనికొస్తుందనిపించింది.

పెట్టెల పని

మా నాన్నకు నెల్లూరులో రేకుపెట్టెల దుకాణం ఉండేది. హాస్టళ్లకు వెళ్లే పిల్లలకూ, కొత్త కాపురాలకూ ట్రంకుపెట్టెలు చేసేవాడు. నేను బీకాం పూర్తిచేసి, ఏజెన్సీలో ఉద్యోగం ఉందని తెలిసి వెళ్లాను. యజమాని శంకరరెడ్డి గారు నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, “మీ నాయన ఏం జేస్తాడమ్మా?” అని అడిగారు. చెప్పాను. పెద్దగా నవ్వారు.

“అయితే పెట్టెల పని నీకు కొత్తేం గాదు. రేపట్నించి రా నూర్జహానూ.”

శంకరరెడ్డి గారు కుర్రతనంలో మద్రాసు వెళ్లి, ఓడల్లోకి సరుకు ఎక్కించే ఒక కంపెనీలో గుమాస్తాగా చేరారు. అక్కడే తల నెరిసింది. మా తీరంలోని రేవుకు కంటైనర్ ఓడలు రావడం మొదలయ్యాక సొంత ఊరికి తిరిగొచ్చి, ఒక విదేశీ లైనుకు ఏజెన్సీ తీసుకున్నారు. ఆయన ఇంగ్లీషు మద్రాసుది, తెలుగు మాత్రం అచ్చంగా నెల్లూరిది. ఫోన్లో ఎంత గట్టిగా మాట్లాడేవారంటే, కింద మందుల షాపతను మా ఓడ ఎప్పుడొస్తుందో మాకంటే ముందే అందరికీ చెప్పేవాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి, ఓడ ఆ వారం రాకపోవచ్చని పైనుంచి కబురు వచ్చింది. ఖాయం కాని మాట ఎందుకు చెప్పాలని నేను ఎవరికీ ఫోన్ చేయలేదు. సాయంత్రం ఆయనకు తెలిసింది. అరవలేదు. కుర్చీ లాక్కుని నా బల్ల ముందు కూర్చున్నారు.

“ఓడ రాదేమో అన్న మాట నీ చెవిన పడిన నిమిషం నుంచి అది నీది గాదు తల్లీ. సరుకు పెట్టుకున్నోళ్లది. రాకపోవచ్చు అని చెప్పు. ఖాయం గాదు అని కూడా చెప్పు. తర్వాత వాళ్లేం జేసుకుంటారో వాళ్లిష్టం.”

నేను పనిచేసిన కాలమంతా, ఇప్పటికీ, ఈ రంగంలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. చెడ్డ కబురు దాచడాన్ని మర్యాద అనుకుంటారు.

ఒకే ఓడ ఉన్న రోజులు

అప్పట్లో మా రేవుకు వచ్చే లైను ఒక్కటే. అదే మా లైను. వారానికి ఒక చిన్న ఓడ వచ్చి మా కంటైనర్లను కొలంబో చేర్చేది. అక్కడ పెద్ద ఓడ ఎక్కి అవి అమెరికాకో యూరప్‌కో వెళ్లేవి. బియ్యం, గ్రానైటు, అన్నిటికంటే ముఖ్యంగా రొయ్యలు.

రొయ్యల గురించి తెలియనివాళ్లకు ఒక మాట. గడ్డకట్టించిన రొయ్య కంటైనర్లో కరెంటు ఉన్నంతకాలం చెడిపోదు. చెడిపోయేది దాని వెనకాల ఉన్న వరస. ఓడ రాకపోతే ఫ్యాక్టరీ కోల్డ్ స్టోరేజీ నిండిపోతుంది. అది నిండితే ఫ్యాక్టరీ రొయ్యలు కొనడం ఆపేస్తుంది. కొనడం ఆపేస్తే రొయ్యలు వలిచే ఆడవాళ్లకు పని ఉండదు. చెరువులో రొయ్య మాత్రం ఆగదు. తెగులు తగిలితే రైతు ఆ పూటే పట్టేసి, దళారి ఏ ధర అంటే ఆ ధరకు ఇచ్చుకోవాలి.

మా జిల్లాలోనే కోట అనే ఊళ్లో వెంకటరమణయ్య గారికి ఒక చిన్న రొయ్యల ఫ్యాక్టరీ ఉండేది. తీరంలోని మత్స్యకారుల పల్లెల నుంచి ఆడవాళ్లు ఆటోల్లో వచ్చి అందులో పనిచేసేవారు. ఒక వేసవిలో మా లైను వరసగా మా రేవును దాటేసి వెళ్లడం మొదలుపెట్టింది. ఓడ ఎక్కడో ఆలస్యమైతే, ఆ ఆలస్యాన్ని పూడ్చుకోవడానికి చిన్న రేవును వదిలేస్తారు. మేం చిన్న రేవు. అడిగేవాళ్లు లేరు. వేరే ఓడ లేదు.

రెండోసారి కూడా ఓడ రాదని నేను పొద్దునే వెంకటరమణయ్య గారికి ఫోన్ చేశాను. మధ్యాహ్నానికల్లా కోట నుంచి మోటారు సైకిలు మీద మా ఆఫీసుకే వచ్చేశారు. చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది.

“అమ్మా, వచ్చే వారమన్నా వస్తాదా? నిజం జెప్పు.”

“తెలియదు రమణయ్య గారూ. వాళ్లు చెప్పడం లేదు.”

“గోడౌను తలుపు మూత పడడంలా. పొద్దున ఆడోళ్లని వాపస్ పంపించేసినా. ఒకామె అడిగింది, అయ్యా రేపు రమ్మంటారా అని. ఏం జెప్పాల నేను?”

రోడ్డు మీద పంపుకోవచ్చు కదా అనిపిస్తుంది. దక్షిణాన, పక్క రాష్ట్రంలో పెద్ద రేవుంది. కానీ రోడ్డు కూడా ఒక్కరి చేతిలోనే ఉండేది. నాయుడుపేటలో లారీ యజమానుల యూనియన్ ఉండేది, దానికి ప్రెసిడెంటు పెంచలయ్య. ఎవరి సరుకైనా యూనియన్ లారీలే ఎక్కించుకోవాలి. అదీ వరస ప్రకారం, ఎవరి వంతు వస్తే వాళ్ల బండి. బయటి బండి వస్తే ఆపేసేవారు. ఓడ రాలేదని తెలియగానే ఆయన రేటు పెంచేశాడు. వెంకటరమణయ్య గారు బతిమాలుకుంటే, “ఇష్టముంటే ఎక్కించు సామీ. లేకుంటే నెత్తిన బెట్టుకోని పో” అన్నాడట.

ఈ మాట వింటూ శంకరరెడ్డి గారు తన గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. వెంకటరమణయ్య గారిని కూర్చోబెట్టి భోజనం తెప్పించారు. ఆయన తిని వెళ్లిపోయాక శంకరరెడ్డి గారు చాలాసేపు ఎవరికీ ఫోన్ చేయలేదు.

మన పోటీని మనమే తెచ్చుకోవడం

ఆ రోజుల్లోనే ఒక రూలు మారింది. అంతకుముందు మన దేశంలో ఒక రేవు నుంచి ఇంకో రేవుకు సరుకు మోయాలంటే మన దేశపు జెండా ఉన్న ఓడకే ప్రాధాన్యం. ఎగుమతి కంటైనర్ల విషయంలో దాన్ని సడలించి, విదేశీ ఓడలనూ మోయనిచ్చారు. అంటే ఒక విదేశీ లైను ఓడ మా రేవులో కంటైనర్లు ఎక్కించుకుని, మన దేశంలోనే ఇంకో పెద్ద రేవులో దింపి, అక్కడ తన పెద్ద ఓడ ఎక్కించుకోవచ్చు. కొలంబో దాకా పోనక్కర్లేదు.

ఆ వార్త చూపించి శంకరరెడ్డి గారు నాతో అన్నారు. “తలుపు తెరిచినారు గానీ లోపలికి ఎవరూ రావడంలా. ఎవుర్నో ఒకర్ని మనమే పోయి పిల్చుకొస్తే?”

“ఎవర్ని సార్?”

ఆయన చెప్పిన పేరు మా లైనుకు బద్ధశత్రువుది. మేం తినేది ఈ లైను కమీషను. ఆ లైను వస్తే దానికి ఏజెంటు వేరే ఎవరో అవుతారు. మా బుకింగుల్లో సగం అటు వెళతాయి.

“మన పొట్ట మనమే కొట్టుకుంటామా సార్?” అన్నాను.

“ఒక్క ఓడ వచ్చే రేవును రేవనరు నూర్జహానూ. వాడి దయ అంటారు. ఆ దయ మీద నువ్వూ నేనూ ఎన్నాళ్లు బతుకుతాం? రమణయ్య లాంటోళ్లు మూసేసుకుంటే మనకి బుకింగు ఇచ్చేదెవురు?”

ఆ తర్వాత ఆయన చేసింది నేను ఇంకెవరిలోనూ చూడలేదు. ముందుగా మా లైను రీజినల్ మేనేజరుకే ఫోన్ చేశారు. “మీ ఓడ రావడం లేదు. అందుకని నేను రెండో లైనును పిలవబోతున్నాను. వాళ్ల ఏజెన్సీ నేను తీసుకోను. మీకు తెలియకుండా చేయడం ఇష్టం లేక చెబుతున్నాను” అని ఇంగ్లీషులో, ఎప్పటిలాగే గట్టిగా, చెప్పారు. అవతల మనిషి ఏమన్నాడో నాకు వినపడలేదు. ఫోను పెట్టేసి, “ఏజెన్సీ పీకేస్తాడంట. పీకనీలే” అన్నారు. కాఫీ తెమ్మన్నారు.

రెండో లైను తరఫున సెల్వరాజ్ అనే తమిళుడు వచ్చాడు. పొడుగ్గా, ముభావంగా ఉంటాడు. సరుకు ఉందని అందరూ చెబుతారు, ఓడ వచ్చాక చూస్తే ఉండదు అన్నాడు. ఆయన అనుమానం న్యాయమైనదే. మేం తెచ్చే సరుకు నమ్మి ఓడను మళ్లిస్తే, అది ఖాళీగా తిరిగి వెళ్లిన రోజు తిట్లు ఆయనకే.

శంకరరెడ్డి గారు వాదించలేదు. ఆయన్ని కారెక్కించారు, నన్నూ రమ్మన్నారు. కోట వైపు రోడ్డుకు రెండు పక్కలా చెరువులు, వాటిల్లో నీళ్లకు గాలి అందించడానికి గిరగిరా తిరిగే చక్రాలు. సెల్వరాజ్ గారు అద్దం దించి చూస్తూనే ఉన్నాడు. ఫ్యాక్టరీలో వెంకటరమణయ్య గారు కోల్డ్ స్టోరేజీ తలుపు లాగారు. లోపల మనిషి నిలబడే చోటు కూడా లేదు. డబ్బాలు కప్పును తాకుతున్నాయి. ముందువరస డబ్బా ఒకటి జారి సెల్వరాజ్ గారి బూట్ల దగ్గర పడింది. ఆయన దాన్ని స్వయంగా ఎత్తి లోపల పెట్టబోయాడు. పట్టలేదు. చేతిలో డబ్బాతోనే ఇటు తిరిగాడు.

“ఇలాంటి గోడౌన్లు ఎన్ని ఉన్నాయి?” అని అడిగాడు.

“పదండి, చూపిస్తా” అన్నారు శంకరరెడ్డి గారు.

సాయంత్రం దాకా తిరిగాం. బియ్యం మిల్లులు కూడా చూపించాం. సముద్రం మీద పోటీ అనేది చట్టంతో మొదలవుతుందేమో గానీ, ఒక మనిషిని కారెక్కించి గోడౌను చూపిస్తే తప్ప ఊళ్లోకి రాదని ఆ రోజు నాకు అర్థమైంది.

రోడ్డు మీద రొయ్యలు

రెండో లైను ఒక షరతు పెట్టింది. కంటైనర్లు అనుకున్న టైముకు రేవు చేరాలి. జనరేటర్ ఉన్న ట్రైలర్ల మీద రావాలి. యూనియన్లో అలాంటి ట్రైలర్లు లేవు. వంతుల పద్ధతిలో టైముకు చేరే దారీ లేదు. లైను బయటి నుంచి ట్రైలర్లు తెప్పించింది.

ఆ లైను మొదటి ఓడ వచ్చిన రోజు పొద్దున, రేవుకు వెళ్లే రోడ్డుకు అడ్డంగా యూనియన్ లారీలు నిలబడ్డాయి. వెనకాల రొయ్యల ట్రైలర్లు బారులు తీరాయి. ఎండ ఎక్కుతోంది. జనరేటర్లు మోగుతున్నాయి. వాటిలో డీజిలు ఉన్నంతసేపే ఆ మోత. అది ఆగితే లోపలి రొయ్య కరగడం మొదలవుతుంది. ఒకసారి కరిగిన సరుకును విదేశాల్లో ఎవరూ తీసుకోరు. వెంకటరమణయ్య గారు ఆ వరసలోని తన కంటైనర్ మీద చెయ్యి పెట్టి, కదలకుండా నిలబడి ఉన్నారు.

శంకరరెడ్డి గారు, నేను కారు దిగి నడిచాం. పెంచలయ్య ఒక లారీ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నల్లగా, బలంగా, మెడలో తువ్వాలు. యూనియన్ వాళ్లు చుట్టూ మూగి ఉన్నారు.

“రెడ్డన్నా, నువ్వు మావోడివి. నువ్వే ఇట్టా జేస్తావా? మా బండ్లు ఏం గావాల?”

“కూర్చోని మాట్లాడదాం పెంచలయ్యా.”

“కూర్చోనే ఉండా గదా. చెప్పు.”

శంకరరెడ్డి గారు ఆ మెట్టు మీదే ఆయన పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. “నీకు అబద్ధం జెప్పను. వంతుల పద్ధతి ఇంక నిలబడదు. ఈ పొద్దు ఆపుతావు, రేపూ ఆపుతావు. ఓడ పోతాది. ఇంక రాదు. రాకపోతే నీ బండ్లకి మాత్రం ఏం ఎక్కిస్తారు? నువ్వు ట్రైలర్లు తెచ్చుకో. తెచ్చుకున్న రోజు ముందు నిన్ను అడిగి, తర్వాతే బయటోళ్లని అడగమని నేను లైనుతో మాట్లాడతా. అందరికీ దొరుకుతాదని మాత్రం చెప్పను. కొందరికి దొరకదు.”

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా అరిచారు. పెంచలయ్య తల వంచుకుని కూర్చున్నాడు. అప్పుడే ఒక ట్రైలర్ డ్రైవరు పరిగెత్తుకుంటూ వచ్చి, జనరేటర్లో డీజిలు అయిపోతోందని చెప్పాడు. అది వెంకటరమణయ్య గారి కంటైనరే.

పెంచలయ్య లేచాడు. తన మనుషుల్లో ఒకడిని పిలిచి, “మన బండ్లోంచి డీజిలు తీసి పొయ్యండ్రా” అన్నాడు.

“అన్నా, వాళ్ల బండ్లకా?”

“బండిని ఆపినాం గానీ రొయ్యల్ని ఆపలా. ఆ రొయ్య ఎవురిది? కోటోళ్లది గదా. పొయ్యి.”

క్యాను పట్టుకుని ఆ ట్రైలర్ దాకా ఆయనే నడిచి వెళ్లాడు. వెంకటరమణయ్య గారు, నెత్తిన పెట్టుకుపొమ్మన్న ఆ మనిషి తన జనరేటర్లో డీజిలు పోస్తుంటే కళ్లార్పకుండా చూశారు. పెంచలయ్య తిరిగొచ్చి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, లారీలు పక్కకు తియ్యమన్నాడు. కొందరు ఒప్పుకోలేదు. ఆయన స్వయంగా ముందు లారీ ఎక్కి దాన్ని పొలంలోకి దించేశాడు. మిగతావి ఒక్కొక్కటిగా కదిలాయి. మధ్యాహ్నానికి కంటైనర్లన్నీ రేవులో ఉన్నాయి. ఓడ మా సరుకుతో వెళ్లింది.

నేను చాలామంది మేనేజర్లను, ఆఫీసర్లను చూశాను. ఓడిపోతున్నానని తెలిసిన క్షణంలో అంత హుందాగా ప్రవర్తించినవాళ్లను మాత్రం మరొకరిని చూడలేదు.

ఎవరికి ఏమైంది

రెండో ఓడ రావడం మొదలయ్యాక మా లైను ఓడ మా రేవును దాటిపోవడం మానేసింది. రేట్లు దిగాయి. ఎగుమతిదారులు ఫోన్ చేసినప్పుడు మా లైను పెద్దలు కూడా పేరు పెట్టి పలకరించడం నేర్చుకున్నారు. వెంకటరమణయ్య గారు ఫ్యాక్టరీకి ఇంకో షెడ్డు కట్టారు. అక్కడికి వచ్చే ఆటోలు పెరిగాయి.

పెంచలయ్య యూనియన్లో కొంతమందిని కూడగట్టి, బ్యాంకు చుట్టూ తిరిగి ట్రైలర్లు తెచ్చాడు. శంకరరెడ్డి గారు మాట నిలబెట్టుకున్నారు. కానీ అందరూ గట్టెక్కలేదు. ఒక్క పాత లారీ మీదే బతికినవాళ్లలో చాలామంది దాన్ని అమ్ముకున్నారు. మాలకొండయ్య అనే ఆయన తన లారీ అమ్మేసి ఇంకొకరి ట్రైలర్‌కు డ్రైవరయ్యాడు. “జీతం బాగానే ఉండాది మేడమ్. బండి ఎక్కేటప్పుడు మాత్రం నాది గాదని గుర్తొస్తాది” అన్నాడు ఒకసారి. పోటీ వల్ల అందరికీ మేలు జరుగుతుందని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఆయనే గుర్తొస్తాడు. మన జెండా ఉన్న చిన్న ఓడల యజమానులు కూడా, పన్నుల భారం మాకొకలా, విదేశీ ఓడలకొకలా ఉంటే పోటీ ఎలా పడతామని అడిగేవారు. వాళ్లడిగేది న్యాయమేనని శంకరరెడ్డి గారు అందరి ముందూ ఒప్పుకునేవారు. అయినా తలుపు మళ్లీ మూయాలని మాత్రం ఆయన ఎన్నడూ అనలేదు.

చెప్పినట్టే మా లైను ఆయన ఏజెన్సీ తీసేసుకుంది. నెల్లూరులో సొంత ఆఫీసు తెరిచి, నన్ను అందులోకి రమ్మంది. నాకు వెళ్లాలనిపించలేదు. ఆయన దగ్గరికి వెళ్లి అదే చెప్పాను.

“పిచ్చిదానా, పో. నాకు తెలిసినోళ్లు ఒకరు లోపల ఉండాలి గదా, బేరమాడ్డానికి” అన్నారు.

నిజంగానే బేరమాడారు. ఆయన ఎగుమతిదారులకు కస్టమ్స్ పనులు చేసిపెట్టే చిన్న ఆఫీసు పెట్టుకున్నారు. ప్రతి వారం నాకు ఫోన్ చేసేవారు. “ఏందమ్మా మీ రేటు? అవతలోడు తక్కువ జెప్తా ఉండాడే!” అనేవారు. నిన్నటి దాకా నాకు జీతమిచ్చిన మనిషికి నేను రేటు తగ్గించనని గట్టిగా చెప్పాల్సి వచ్చేది. నేను గట్టిగా చెప్పినప్పుడల్లా ఆయన ఎంత సంతోషించేవారో ఆ నవ్వులోనే తెలిసేది. నా పై అధికారుల్లో తెలివైనవాళ్లు చాలామంది ఉన్నారు. బల్లకు ఎదుటి వైపు కూర్చున్నాక కూడా నేను బాగుపడాలని కోరుకున్నది ఆయన ఒక్కరే.

ఆయన పోయినప్పుడు రెండు లైన్ల వాళ్లూ వచ్చారు. ఏజెన్సీ పీకేసిన ఆ రీజినల్ మేనేజరు కూడా, అప్పటికి రిటైరై, మద్రాసు నుంచి బస్సులో వచ్చి చివరిదాకా ఉన్నాడు.

కోటలో మీటింగు

ఇక్కడితో ఆపేస్తే, రెండో ఓడ రాగానే కథ సుఖాంతమైందని అనుకుంటారు. సముద్రం మీద లైన్లు ఒకదాన్నొకటి కొనేసుకుంటాయి. కొనకపోతే ఒకే ఓడలో చోటు పంచుకుంటాయి. పైన పేర్లు రెండు ఉంటాయి, కింద ఓడ ఒకటే. నేను రిటైరయ్యేనాటికి మా తీరంలోనూ దాదాపు అంతే అయింది.

ఈ మధ్య ఒక పెద్ద లైను మా ప్రాంతం రొయ్యల ఎగుమతిదారులకు ఒక ప్రతిపాదన పంపింది. సరుకంతా మాకే ఇస్తామని కొన్నేళ్లకు ఒప్పందం రాయండి, రేటు బాగా తగ్గిస్తాం అని. వెంకటరమణయ్య గారు ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నారు. ఫ్యాక్టరీ చూసేది ఆయన కూతురు సునీత. అందరినీ కోటలో తన ఆఫీసుకు పిలిచింది. నన్నూ, ట్రైలర్ల యజమానిగా పెంచలయ్యనూ పిలిచింది.

చాలామంది సంతకం పెట్టేయడానికే వచ్చారు. రేటు నిజంగానే తక్కువ. ఆ అమ్మాయికి కూడా మనసు అటే ఉంది. నన్ను అడిగితే వద్దన్నాను. లైన్లు ఎలా కలిసిపోతున్నాయో, ఒప్పందం గడువు తీరేసరికి మీ దగ్గర బేరానికి ఏమీ ఎందుకు మిగలదో చెప్పాను. శ్రద్ధగానే విన్నారు, మర్యాదగా తలలు ఊపారు. నా మాట ఎవరి మీదా పనిచేయలేదని నాకే తెలిసిపోయింది.

అప్పుడు పెంచలయ్య గొంతు సవరించుకున్నాడు. ముసలివాడైపోయాడు. చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

“సునీతమ్మా, నన్ను మాట్లాడమంటే ఒక మాట జెప్తా. యూనియన్ పెట్టిన కొత్తల్లో నేనూ అచ్చం ఇదే జెప్పినా. సరుకంతా మా బండ్లకే ఇయ్యండి, రేటు తగ్గిస్తాం అని. మొదటేడు తగ్గించినా. మాట తప్పలా. రెండో ఏడు డీజిలు పెరిగిందని పెంచినా. మూడో ఏడు ఏమీ జెప్పలా, ఊరికే పెంచేసినా. మీ నాయన వచ్చి అడిగితే, నెత్తిన బెట్టుకోని పొమ్మన్నా.”

సునీత ఆయన్నే చూస్తోంది.

“నేనేం చెడ్డోణ్ణి గాదమ్మా. ఆ పొద్దూ గాదు, ఈ పొద్దూ గాదు. నాకు ఎదురుగా ఇంకోడు లేడు. అంతే.”

సునీత ఆ కాగితాల్ని మడిచి పక్కన పెట్టింది. ఫోను తీసి, మా రేవుకు ఎప్పుడూ రాని మూడో లైను నంబరు నన్ను అడిగి తీసుకుంది. అందరి ముందే స్పీకర్ పెట్టి మాట్లాడింది. మా సరుకులో సగం మీకిస్తాం, ఓడ పంపుతారా అని. సరుకు ఉందని అందరూ చెబుతారండీ అన్నాడు అవతలి మనిషి.

“రండి, గోడౌను చూపిస్తా” అంది.

అతను వచ్చాడు. చూశాడు. కొన్నాళ్లకు ఆ ఓడ కూడా వచ్చింది. దాని మొదటి కంటైనర్లు కోట నుంచి పెంచలయ్య ట్రైలర్ల మీదే వెళ్లాయి. సునీత పిలిస్తే నేను వెళ్లి చూశాను. ఆ పొద్దున రొయ్యలు వలిచే షెడ్డు ముందు ఆటోలు వరసగా ఆగుతున్నాయి. ఆడవాళ్లు దిగి, తలకు టోపీలు సర్దుకుంటూ లోపలికి వెళుతున్నారు. రేపు రావాలా అని ఎవరూ అడగడం లేదు.